ఒక ఫోటోకు కుదిరిన ప్రీసెట్ మరొకదానికి ఎందుకు కుదరదు?
ఒక ఫోటోకు ముచ్చటగా కుదిరిన ప్రీసెట్ (సేవ్ చేసుకుని మళ్లీ వాడుకునే ఎడిటింగ్ సెట్టింగుల కట్ట) మిగతావాటిని పాడుచేస్తోందని రాశారు. బహుశా ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగుగా ఉండాలన్నది), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) కూడా అందులో చేరిపోయి ఉంటాయి. అవి ఆ పూట వెలుతురుకు చెందినవి, మీ శైలికి కావు. ఫోటో ఎడిటింగ్ యాప్ లైట్‌రూమ్‌లో ప్రీసెట్ సేవ్ చేసేటప్పుడు ఆ రెండింటి టిక్కు తీసేయండి. టోన్ కర్వ్ (వెలుగునీడలను మార్చే గీత), కలర్ మిక్సర్ (ఒక్కో రంగును విడిగా మార్చేది), కలర్ గ్రేడింగ్ (నీడలకు, వెలుగులకు రంగు అద్దేది) ఉంచండి; మీ ముద్ర ఉండేది అక్కడే. నేనైతే కర్వ్‌లో ఎడమ చివరి బిందువును కాస్త పైకి జరిపి నలుపును మసకబారుస్తాను, ఆకుపచ్చ సాచురేషన్‌ను (రంగు గాఢతను) -20కి దించుతాను. నారింజ జోలికి మాత్రం భయపడుతూనే వెళ్తాను, మనుషుల చర్మపు ఛాయ చాలావరకు అందులోనే ఉంటుంది మరి! ఎండలో, నీడలో, రాత్రి దీపాల కింద తీసిన ఫోటోలకు ముందు వెలుతురు సరిచేసి, ఆపైన ప్రీసెట్ వేసి చూడండి. అన్నట్టు, రా ఫైలు (కెమెరా నేరుగా దాచే ముడి ఫోటో) మీద తయారుచేసిన ప్రీసెట్ జేపెగ్ (కుదించిన మామూలు ఫోటో ఫైలు) మీద అచ్చంగా అలాగే రాదు.