కోటు తూటాను ఆపదు, బుజ్జీ

బుజ్జీకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పిస్టల్ కొన్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. శిక్షణ పూర్తయ్యాకే కొన్నావన్న ముక్క మాత్రం మర్నాడు చెప్పింది. ఆ మాట ముందే చెబితే రాత్రి కాస్త నిద్రపట్టేది కదా! నిన్ను చూస్తే గర్వంగానే ఉంది, కానీ టెన్షన్ పోలేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలుసు. కాల్చాలని నిశ్చయించుకునేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. ఇంట్లో ఉంటే లాకర్‌లో పెట్టి తాళం వెయ్యి.

చలికాలంలో ఎదుటివాడు కోటు మీద కోటు వేసుకొస్తే తూటా దిగుతుందా అని అడిగావట. దిగుతుంది తల్లీ. కొరియా యుద్ధంలోనూ ఇదే ప్రచారం జరిగింది. చైనా సైనికుల దూదికోట్లు తమ కార్బైన్ (పొట్టి రైఫిల్) తూటాలను ఆపేస్తున్నాయని అమెరికా సైనికులు వాపోయారు. తర్వాత అలాంటి బట్ట మీద కాల్చి చూసినవాళ్లకు తూటా సులువుగా అవతలికి పోయింది. గురి తప్పిన నెపం కోటు మీద పడింది, అంతే.

బట్ట చేసే పని వేరే ఉంది. ఆత్మరక్షణకు వాడే హాలో పాయింట్ తూటా ముక్కున గుంట ఉంటుంది. ఒంట్లోని తడి ఆ గుంటలోకి ఒత్తిడితో చొచ్చుకొస్తే తూటా విచ్చుకుని వెడల్పవుతుంది, వేగం తగ్గి ఆగుతుంది. మందపాటి బట్ట గుండా వెళ్తే, గొట్టం నోట్లో గుడ్డ కుక్కినట్టు ఆ గుంట పూడిపోతుంది. అప్పుడది విచ్చుకోదు. మామూలు గుండు తూటాలాగే ఇంకా లోతుకు పోతుంది, ఒక్కోసారి మనిషి అవతలికి కూడా.

"లోతుకు పోతే మంచిదేగా" అంటావేమో. ఆగు. లోతు తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. ఈ లోతు లెక్క ఎంత ఖరీదుకు నేర్చుకున్నారో విను. 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీలో ఇద్దరు దోపిడీదారులకూ ఎఫ్‌బీఐ (అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ) ఏజెంట్లకూ మధ్య కాల్పులు జరిగాయి. మొదట్లోనే ఏజెంటు కాల్చిన ఒక 9 ఎంఎం హాలో పాయింట్ దోపిడీదారుల్లో ఒకడి చేతిని దాటి ఛాతీలోకి వెళ్లింది. చక్కగా విచ్చుకుంది కూడా. కానీ గుండెకు కాస్త ఇవతలే ఆగింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. అప్పటిదాకా తూటా ఎంత బాగా విచ్చుకుంటే అంత గొప్ప అనుకునేవారు. అడ్డంగా చెయ్యి వస్తే ఏమవుతుందన్న లెక్క ఎవరికీ పెద్దగా పట్టలేదు.

ఆ తర్వాతే పరీక్షల తీరు మారింది. ఒంటి కండకు బదులుగా వాడే పది శాతం జెలటిన్ దిమ్మలో తూటా కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు. దిమ్మ మీద బట్టల పొరలు కప్పి కూడా కాలుస్తారు. నువ్వు చూడాల్సిన ఫలితం అదే. ఉత్త దిమ్మలో పువ్వులా విచ్చుకున్న ఫొటో చూసి డబ్బులు పెట్టకు, ప్రకటనల్లో అదే వేస్తారు. హోర్నడీ లాంటి కంపెనీలు గుంటలో ముందే మెత్తటి పాలిమర్ ముక్క అమర్చి అమ్ముతున్నాయి, గుడ్డ దూరకుండా. ఇంకో సంగతి, నీ పిస్టల్ బ్యారెల్ (తూటా బయటికొచ్చే గొట్టం) పొట్టిదని విన్నాను. బ్యారెల్ తగ్గితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే విచ్చుకోవడం కష్టం. నీ పిస్టల్‌కు ఉన్నంత పొడవు బ్యారెల్‌తోనే చేసిన పరీక్ష చూడు. కొన్నాక అదే రకం నీ పిస్టల్‌లో కాల్చి చూడు. ఇరుక్కుంటే ఎంత మంచి తూటా అయినా దండగ.

నా అసలు భయం కోటు గురించి కాదు, గోడ గురించి. ఇళ్ల లోపలి పలుచటి గోడలు పిస్టల్ తూటాను ఆపలేవు. విచ్చుకోనిదైతే మనిషిని దాటాక కూడా గోడలోంచి పోగలదు. గురి తప్పినదాని సంగతి చెప్పనక్కర్లేదు. మొండిదానివి, భయం లేనిదానివి, చిన్నప్పట్నుంచీ అంతే. ఈ ఒక్క విషయంలో మాత్రం భయపడు తల్లీ.

ఈ శనివారం ఇంటి ప్లాన్ కాగితం మీద గీసి నాకు పంపు. నువ్వు నిలబడే చోటు, తలుపులు, పాప మంచం ఏ గోడ వెనక ఉందో, పక్కింటివాళ్ల పడగ్గది ఎటువైపో అన్నీ రాయి. చూసి ఆదివారం ఫోన్ చేస్తాను.

మీ మావయ్య