సున్నం కలిపితే ఎర్రబడిన పసుపు నిమ్మరసంతో మళ్లీ మామూలవుతుంది కదా, అది రసాయన మార్పు ఎలా అవుతుంది?

మీ పాప పరీక్షలో రాసిన జవాబు ఇది: "పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది, కాబట్టి భౌతిక మార్పు." దానికి మార్కులు ఇవ్వలేదు, ఎందుకని అడిగారు. గాలి, పాలు, ఇత్తడి, సున్నం లాంటివి మూలకమా, సంయోగ పదార్థమా, మిశ్రమమా ఎలా గుర్తుపట్టాలనీ అడిగారు. నేను పల్నాడులో ఒక ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏటా ఈ రెండు పాఠాల దగ్గరే పిల్లలు తడబడతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మీ పాప గమనించింది నూటికి నూరుపాళ్లు నిజం. రంగు తిరిగి వస్తుంది. ఆ అమ్మాయి ప్రయోగం బాగా చేసింది, బాగా చూసింది. తనకు ఎవరో ఇచ్చిన సూత్రంలోనే లోపం ఉంది. "వెనక్కి వస్తే భౌతిక మార్పు, రాకపోతే రసాయన మార్పు" అని చిన్న తరగతుల్లో సులువు కోసం చెప్పేస్తారు, పిల్లలు దాన్నే పట్టుకుంటారు. మంచు, నీళ్లు, కాగితం, బూడిద లాంటి ఉదాహరణల వరకు అది పనిచేస్తుంది. అక్కణ్ణుంచి ఒక్క అడుగు బయటకు వేస్తే చేయి వదిలేస్తుంది. బియ్యం పిండి పట్టిస్తే తిరిగి బియ్యం కావు. గాజు గ్లాసు పగిలితే అతకదు. రెండూ భౌతిక మార్పులే, ఎందుకంటే పిండిలో ఉన్నది బియ్యంలోని పదార్థమే, పెంకుల్లో ఉన్నది గాజే.

పసుపు సంగతి దీనికి తలకిందులు. పసుపుకు రంగునిచ్చేది కుర్కుమిన్ అనే పదార్థం. సున్నం క్షారం. అది తగలగానే కుర్కుమిన్ అణువు నుంచి హైడ్రోజన్ అయాన్ ఊడిపోతుంది, మిగిలిన అణువు వెలుతురును వేరే రకంగా పీల్చుకుంటుంది, మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. నిమ్మరసంలోని ఆమ్లం ఊడిపోయిన హైడ్రోజన్‌ను తిరిగి ఇస్తుంది, పాత కుర్కుమిన్ వచ్చేస్తుంది. వెళ్లేటప్పుడు ఒక రసాయన చర్య, వచ్చేటప్పుడు ఇంకొకటి. పెళ్లిళ్లలో దిష్టి తీసే ఎర్రనీళ్లలో జరిగేది ఇదే. చొక్కా మీద పడ్డ పప్పు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడి, బాగా జాడించాక మళ్లీ పసుపుగా కనిపించడంలోనూ జరిగేది ఇదే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న "వెనక్కి వచ్చిందా?" అని కాదు, "ఇప్పుడు ఇక్కడున్నది మొదటి పదార్థమేనా, వేరే పదార్థమా?" అని. ఈ ప్రశ్నను పిల్లల చేత అడిగించడానికి నేను నమ్ముకున్నది సున్నమే. మా వైపు పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుమోసిన ఊరు. మా బడిలో కొందరి నాన్నలు బట్టీల్లో పనిచేస్తారు. సున్నం గురించి ఆ పిల్లలకు తెలిసినంత మా పాఠ్యపుస్తకంలో లేదు.

బట్టీలో సున్నపురాయిని, బొగ్గును పొరలు పొరలుగా పేర్చి కాలుస్తారు. దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో రాయి నుంచి కార్బన్ డైయాక్సైడ్ వాయువు వెళ్లిపోతుంది, పొడిసున్నం, అంటే ఇంకా నీళ్లు తగలని సున్నం, మిగులుతుంది. పైకి చూస్తే రాయి రాయిలాగే ఉంటుంది, ఆకారం కూడా పెద్దగా మారదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం తేలిగ్గా ఉంటుంది. లెక్క చూడండి: 100 గ్రాముల శుద్ధమైన సున్నపురాయి పూర్తిగా కాలితే మిగిలేది 56 గ్రాములే. తక్కిన 44 గ్రాములు వాయువుగా పోయాయి. నేను క్లాసులో కాల్చని రాయి, కాల్చిన రాయి పక్కపక్కన పెట్టి తూకం వేయిస్తాను. రెండూ చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి, కాబట్టి కంటిచూపుతో తేల్చలేమని పిల్లలకు వాళ్లంతట వాళ్లకే అర్థమవుతుంది. "సరిగా కాలిందో లేదో మీ నాన్న ఎలా చెబుతారు?" అని అడిగితే బట్టీల దగ్గర పెరిగిన పిల్లలు టక్కున చెబుతారు: నీళ్లు చల్లితే విచ్చుకుంటుంది, కాలని గడ్డ అలాగే ఉండిపోతుంది. రెండు వేర్వేరు పదార్థాలు నీటితో రెండు రకాలుగా ప్రవర్తిస్తున్నాయన్నమాట. ఇంతకన్నా మంచి రుజువు నేను బోర్డు మీద రాయలేను.

నీళ్లు చల్లినప్పుడు పుట్టే వేడి మామూలుది కాదు. నీళ్లు సలసల కాగుతాయి, ఆవిరి లేస్తుంది, రాయి ఉబ్బి పొడిపొడిగా రాలిపోతుంది. 56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటిని తనలో కలిపేసుకుని 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. ఆ నీరు ఇక తడిగా లేదు, పిండితే రాదు. గోడకు వెల్ల వేసేది, తమలపాకుకు రాసుకునేది ఈ తడిసున్నమే. వెల్ల వేసిన గోడ మొదట ఆరుతుంది, ఇది భౌతిక మార్పు, నీరు ఆవిరైంది అంతే. ఆ తర్వాత రోజుల తరబడి గాలిలోని కార్బన్ డైయాక్సైడ్‌ను పీల్చుకుంటూ గట్టిపడుతుంది, ఇది రసాయన మార్పు. 74 గ్రాముల తడిసున్నం 44 గ్రాముల వాయువును తీసుకుని 100 గ్రాముల సున్నపురాయి పదార్థంగా మారి 18 గ్రాముల నీటిని వదిలేస్తుంది.

అంటే బట్టీలో పోయిన 44 గ్రాములు, తడిపినప్పుడు చేరిన 18 గ్రాములు, అన్నీ లెక్కకు లెక్క సరిపోయాయి, మొదలుపెట్టిన చోటికే వచ్చాం. పదార్థం పూర్తిగా వెనక్కి వచ్చింది, అయినా దారిలో జరిగిన మూడు ప్రధాన మార్పులూ రసాయన మార్పులే. 1750లలో స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ఇలాంటి తూకాలతోనే రాయిలో ఒక వాయువు బంధించి ఉందని గుర్తించాడు. త్రాసుతో ఇంత పని చేయవచ్చని మా పిల్లలకు చెప్పడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే త్రాసు మా ఊళ్లో ప్రతి కిరాణా కొట్లో ఉంటుంది.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. తడిసున్నం నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది, లీటరుకు రెండు గ్రాములు కూడా కరగదు. పైన తేరుకున్న సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదితే మన ఊపిరిలోని కార్బన్ డైయాక్సైడ్ వల్ల పాలలా తెల్లబడుతుంది. ఇది అందరికీ తెలిసిన ప్రయోగం. అక్కడితో ఆపకండి. వంటసోడాలో నిమ్మరసం కలిపితే వచ్చే అదే వాయువును ఆ తెల్లటి నీళ్లలోకి ఇంకా పంపితే, తేట పల్చటిదైతే, నీళ్లు మళ్లీ తేరుకుంటాయి. తెల్లటి సున్నపురాయి పొడి కార్బన్ డైయాక్సైడ్‌తోనూ నీటితోనూ కలిసి కరిగే బైకార్బొనేట్ అయింది. ఆ నీళ్లను కాస్తే బుడగలుగా వాయువు పోయి మళ్లీ తెల్లబడుతుంది.

అరకు దారిలోని బొర్రా గుహలు, నంద్యాల జిల్లాలోని బెలూం గుహలు ఈ చర్య వల్లే ఏర్పడ్డాయి. గాలిలోంచి, నేలలోంచి కార్బన్ డైయాక్సైడ్‌ను కలుపుకున్న వాన నీరు సున్నపురాయిని తినేస్తూ పోయింది, గుహ ఏర్పడింది. గుహ కప్పు నుంచి చుక్క జారేటప్పుడు వాయువు తప్పించుకుంటుంది, సున్నపురాయి అక్కడే పేరుకుంటుంది. మీ ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందా? అందులో ఎక్కువ భాగం ఇలా పేరుకున్నదే. ఉప్పు నీళ్లలో కలిసిపోవడం, సున్నపురాయి వాన నీళ్లలో కలిసిపోవడం చూపుకు ఒకేలా ఉంటాయి. మొదటిదానిలో నీళ్లు ఇగిరిపోతే వచ్చేది ఆ ఉప్పే, దేనితోనూ చర్య జరగలేదు. రెండోదానిలో రాయి ఇంకో పదార్థంగా మారితేనే కరిగింది.

రంగు మారడం, బుడగలు, వేడి, ఇవి రసాయన మార్పుకు గుర్తులని చెబుతారు. గుర్తులే, సాక్ష్యం కాదు. కొలిమిలో ఇనుము ఎర్రబడితే రంగు మారింది, చల్లారితే ఇనుమే. సోడా మూత తీస్తే బుడగలు వస్తాయి, అది నీటిలో కరిగి ఉన్న వాయువు బయటపడటమే. కర్పూరం డబ్బాలో ఉండగానే తరిగిపోతుంది, అది ఆవిరైంది, ఆ ఆవిరి కర్పూరమే. అదే కర్పూరాన్ని హారతిలో వెలిగిస్తే కార్బన్ డైయాక్సైడ్, నీటి ఆవిరి, కొంత మసి అవుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. సున్నం తెల్లగా, ఒకే రకంగా ఉంటుంది కాబట్టి మూలకం అనుకునే పిల్లలు ఉంటారు. వాళ్లను కోప్పడకండి. ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసిన లవోయిజియే 1789లో మూలకాల పట్టిక ఇచ్చినప్పుడు పొడిసున్నాన్ని అందులో చేర్చాడు. అప్పటికి తెలిసిన ఏ పద్ధతితోనూ దాన్ని విడగొట్టలేకపోయారు కనుక ఆ పట్టికలో ఉండటం న్యాయమే. ఇది ముందు ముందు విడిపోవచ్చన్న అనుమానం ఆయనకూ ఉంది. 1808లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త విద్యుత్తును ఉపయోగించి సున్నం నుంచి కాల్షియంను వేరుచేశాడు. అది మెరిసే లోహం, నీటిలో వేస్తే హైడ్రోజన్ బుడగలు వస్తాయి. దానికీ మన సున్నపు డబ్బాలో ఉన్న తెల్లటి ముద్దకూ పోలికే లేదు. సంయోగ పదార్థం అంటే ఇదే: పొడిసున్నంలో కాల్షియం, ఆక్సిజన్ కలిసి ఉన్నాయి, కాల్షియం గుణాలు పోయాయి, ఆక్సిజన్ గుణాలు పోయాయి, మూడో పదార్థం పుట్టింది. మూలకం అంటే రసాయన చర్యలతో ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టలేనిది. అది చూపుతో తేలే విషయం కాదు, విడగొట్టడానికి ప్రయత్నించి తేల్చుకున్నది.

మిశ్రమాన్ని పట్టుకోవడం సులువు, పాళ్లు చూడండి. గేదె పాలలో వెన్న ఎక్కువ, ఆవు పాలలో తక్కువ, రెండూ పాలే. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు. నీటిలో హైడ్రోజన్ శాతం చూసి ధర కట్టరు, ఎందుకంటే కృష్ణ నీరైనా గోదావరి నీరైనా, శుద్ధి చేశాక అందులో హైడ్రోజన్ ఒక వంతైతే ఆక్సిజన్ బరువులో ఎనిమిది వంతులు. పాళ్లు మారినా పేరు మారకపోతే మిశ్రమం, పాళ్లు మారడానికి వీల్లేకపోతే సంయోగ పదార్థం.

ఇత్తడి దగ్గర పిల్లలు పోట్లాడతారు: వడగడితే రాదు, అయస్కాంతంతో రాదు, మరి మిశ్రమం ఎలా? రాగి, జింకు పాళ్లు మార్చి రకరకాల ఇత్తడి చేయవచ్చు, అందుకని. 22 క్యారెట్ల గొలుసు మీద 916 అని ఉంటుంది చూడండి, వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం అని. బంగారం మూలకం, గొలుసు సజాతీయ మిశ్రమం, అంటే అంతటా ఒకేలా కలిసిపోయినది.

గాలి కూడా అలాంటిదే. దాన్లో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, మిగతాది ఎక్కువగా ఆర్గాన్. బాగా చల్లబరిచి ద్రవంగా మార్చి, మరిగే ఉష్ణోగ్రతల తేడాతో విడదీస్తారు. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రోగుల కోసం విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మహారాష్ట్రకు రైల్లో వెళ్లిన ఆక్సిజన్ ఇలా గాలి నుంచి తీసిందే. ఆ వారం ఆన్‌లైన్ క్లాసులో ఈ పాఠం చెబుతుంటే పిల్లలు అడిగిన ప్రశ్నలు ఇంకే ఏడాదీ అడగలేదు. గాలి మిశ్రమం కావడం ఎందుకు ముఖ్యమో ఇళ్లలో మంచం పట్టినవాళ్లను చూసి వాళ్లకు తెలిసిపోయింది.

ఇంటి దగ్గర చేయించాలంటే తాంబూలం సున్నంతోనే చేయించండి, పొడిసున్నం గడ్డల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. సున్నపు తేటలోకి ఊదాలే గాని పీల్చకూడదు. పసుపు ప్రశ్న మళ్లీ వస్తే మీ పాప ఇలా రాయవచ్చు: "రసాయన మార్పు. సున్నం క్షారం కాబట్టి పసుపులోని కుర్కుమిన్‌తో చర్య జరిపి ఎర్రటి కొత్త పదార్థాన్ని ఇచ్చింది. నిమ్మరసంలోని ఆమ్లంతో ఇంకో చర్య జరిగి కుర్కుమిన్ తిరిగి వచ్చింది." నిమ్మరసం పిండి చూసిన సంగతి కొట్టేయవద్దని చెప్పండి, ఆ వాక్యం జవాబులో ఉండాలి.