ఒడిబియ్యమా, వడిబియ్యమా?

సందేహం: పెళ్ళయిన మా అమ్మాయికి ఒడిబియ్యం పోస్తున్నాం. చుట్టాలకు ఫోన్లలో పంపే పిలుపులో తను ‘వడిబియ్యం’ అని రాసింది. మా అమ్మ మాత్రం ‘వొడిబియ్యం’ అంటుంది. ఏది సరి?

సమాధానం: మీ అమ్మగారి పలుకే సరి. రాతలో మాత్రం ‘ఒడిబియ్యం’ అనాలి. తల్లిగారింట్లో కూతురి ఒడిలో పోసే బియ్యం అది. ‘వడి’ అంటే వేగం, లేదా నూలు పేనినప్పుడు పడే మెలి. ఈ రెంటికీ ఈ వేడుకతో పొత్తు లేదు.

గుడిలో గుళ్ళో అయినట్టు, బడిలో బళ్ళో అయినట్టు ఒడిలో ‘ఒళ్ళో’ అవుతుంది. అమ్మమ్మ ఒళ్ళో అన్నప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టుకుంటాయి, వడివడిగా అన్నప్పుడు విచ్చుకుంటాయి. పైకి అని చూసుకుంటే తేడా తెలిసిపోతుంది. కన్నడంలోనూ ఈ వేడుక ‘ఉడి తుంబువుదు’. అక్కడా పెదవులు చుట్టుకునే అచ్చే. (దేహమనే ‘ఒళ్ళు’ వేరే మాట, అది ‘ఒడలు’ నుంచి వచ్చింది.) ఇక ‘వొ’ సంగతి: వు, వూ, వొ, వోలు తెలుగు మాటలకు మొదట ఉండవని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. నోట వినిపించే ఆ వకారపు ఛాయను రాతలోకి తేనక్కర్లేదు.

అమ్మాయి పొరపాటుకు కారణం ఉంది. తెలంగాణ పలుకుబడిలో వడ్లు ఒడ్లవుతాయి, వద్దు ఒద్దవుతుంది, వచ్చిండు ఒచ్చిండవుతుంది. బళ్ళో ఇలాంటివన్నీ ‘వ’గా దిద్దిస్తారు. ఆ అలవాటుకొద్దీ, దిద్దనక్కర్లేని ‘ఒడి’ని కూడా ‘వడి’ చేసేస్తాం. పెద్దవాళ్ళ నోట తప్పు లేదు, తప్పంతా మన దిద్దుబాటులోనే.

క్రియల దగ్గర కూడా జాగ్రత్త. ఒడిబియ్యం ‘పోస్తారు’, చీర ‘పెడతారు’, సారె ‘పంపుతారు’. మేడారంలో సమ్మక్కకైతే ‘సమర్పిస్తారు’. దేవత కూడా ఆడబిడ్డే కదా! పిలుపుల్లో ‘ఒడిబియ్యం ఫంక్షన్’ అని తేల్చేస్తే ఆ ‘పోయడం’ కాస్తా పోతుంది.

ఒడిలో చేరేవాటి పేర్లనూ మార్చకండి: కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, కనుము. కనుమంటే రవికగుడ్డ. చాలా ఇళ్ళలో లెక్క అయిదు: అయిదు శేర్ల బియ్యం, అయిదేసి కుడుకలు, పోకలు, అయిదుగురు ముత్తైదువల దోసిళ్ళు. బియ్యం నూకలు లేనివై ఉండాలి. పసుపును కాస్త నూనెతోనో నేతితోనో పట్టించాలి. నీళ్ళతో కలిపితే అత్తగారింట్లో మూట విప్పేలోగా బియ్యం ముక్కిపోతాయి, ఆ బియ్యమే వండి అక్కడ నలుగురికీ పెట్టాలి మరి.

‘ఘాతుకానికి ఒడిగట్టాడు’ అని పత్రికల్లో చదువుతుంటాం. అందులో ఉన్నదీ ఈ ఒడే. పత్తి ఏరేవాళ్ళు కొంగును సంచిలా నడుముకు కట్టుకుంటారు, అదే ఒడి కట్టుకోవడం. పనికి పూనుకోవడమనే అర్థం దాన్నుంచే వచ్చింది. ఇప్పుడు దాన్ని చెడ్డపనులకే కట్టబెట్టేశాం గాని, మాటలో ఆ చెడు లేదు.

కాబట్టి మీ పిలుపులో ఇలా రాయించండి: ‘మా అమ్మాయికి ఒడిబియ్యం పోస్తున్నాం, రండి.’ ఒడిబియ్యం సమాసం, మధ్యలో ఖాళీ వదలకండి.