హింట్ ఇవ్వాలా, జవాబు చెప్పాలా?

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ సైన్స్ బోధిస్తాను. మా పాత, కొత్త విద్యార్థులతో టెలిగ్రామ్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం ఒక గ్రూపు నడుపుతున్నాము. ఎవరు సందేహం అడిగినా ఒక సీనియర్ వెంటనే ప్రోగ్రామ్ మొత్తం రాసి పెడతాడు. మరొకరు ‘ఆలోచించు, వస్తుంది’ అని వదిలేస్తారు. మొదటివారి వల్ల పిల్లలు కాపీకి అలవాటు పడ్డారు, రెండోవారి వల్ల అడగడమే మానుకుంటున్నారు. ఏ నియమం పెట్టమంటారు?
- ఒక అధ్యాపకురాలు, నల్లగొండ

జవాబు: అందరికీ ఒకే నియమం పెట్టవద్దని నా మనవి. అడిగినవారికి అందనిది ఒక సమాచారమా, లేక ఆలోచనలో ఒక మెట్టా అని ముందుగా చూసుకుంటే, హింట్ చాలునో లేదో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఒకటి నుంచి పది వరకు సంఖ్యల మొత్తం కట్టమన్నారనుకుందాం. విద్యార్థి, వరుస సంఖ్యలను ఇచ్చే ‘రేంజ్’ను వాడి రేంజ్(1, 10) అని రాసి, 55 రావలసిన చోట 45 వస్తోందని అడుగుతాడు. ‘10 తీసేసి 11 పెట్టు’ అంటే ఈ ప్రోగ్రామ్ సరిపోతుంది గానీ, మరో లూప్‌లో (ఒకే పనిని పదే పదే చేయించే భాగంలో) ఇదే తప్పు మళ్లీ ఎదురవుతుంది. ‘లూప్ సరిగ్గా చూసుకో’ అనడం వల్లా ప్రయోజనం లేదు. ఎక్కడో తప్పుందని తెలిసే కదా అడిగాడు! రావలసిన మొత్తానికీ వచ్చిన మొత్తానికీ తేడా ఎంతో చూడమని, లూప్‌లోకి వచ్చే ప్రతి సంఖ్యనూ ప్రింట్ చేయమని చెబితే, పది జారిపోయిందని తానే పట్టుకుంటాడు. అయితే రేంజ్‌లో చివరి సంఖ్య చేరదన్నది ఆ భాషను రూపొందించినవారు పెట్టుకున్న కట్టుబాటు కనుక, పది జారిందని అతను గుర్తించిన తరువాత ఆ కట్టుబాటును సూటిగా చెప్పేయాలి. ట్యాబ్‌లూ స్పేస్‌లూ కలగలిసి వచ్చే ఎర్రర్, ఇన్‌స్టాల్ కాని లైబ్రరీ, మరచిపోయిన ఫంక్షన్ పేరు కూడా ఇలాంటివే. వీటికి హింట్ ఇవ్వడమంటే, క్లాక్ టవర్‌కు దారి అడిగినవారికి పొడుపుకథ వేయడమే.

ఇక, కొత్తగా చేరినవారి విషయంలో మీ సీనియర్‌ది పూర్తిగా తప్పు పద్ధతి అనలేను. 1985లో జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ బీజగణితం మీద ప్రచురించిన ప్రయోగాలలో, చేసి చూపిన లెక్కలను చదివిన విద్యార్థులు, మొదటి నుంచీ సొంతంగా కుస్తీ పట్టినవారికంటే, అదే తరహా కొత్త లెక్కలను త్వరగా, తక్కువ తప్పులతో చేయగలిగారు. పట్టు పెరిగేకొద్దీ చేసి చూపిన లెక్కల వల్ల కలిగే మేలు తగ్గిపోతుందని ఆ తరువాతి పరిశోధనలు చెప్పాయి. మన ఊళ్లలో వ్యవసాయ బావిలో ఈత నేర్పేవారికి ఈ సంగతి ఏ పరిశోధనా లేకుండానే తెలుసు. నడుముకు కట్టిన మునగబెండ్లను మొదటి రోజే విప్పరు, చేతులు ఆడేకొద్దీ ఒక్కొక్కటిగా తీసేస్తారు.

కాబట్టి మీ సీనియర్‌ను ఆపకండి. అడిగిన లెక్కను వదిలి, దాని పక్క లెక్కను పూర్తిగా చేసి చూపమనండి. ఉదాహరణకు, పై ప్రశ్నకు ఐదు నుంచి ఎనిమిది వరకు మొత్తం కట్టే ప్రోగ్రామ్ రాసి, ప్రతి వరుస పక్కన కారణం రాస్తే చాలు. అసలు జవాబు కూడా ఇవ్వాలనిపిస్తే, టెలిగ్రామ్‌లో ‘స్పాయిలర్’ సదుపాయం ఉంది. దానితో కప్పిన భాగం తాకితేనే కనబడుతుంది. ‘ఆలోచించు’ అని మాత్రమే రాసే రెండో సభ్యునికి, ఎటువైపు ఆలోచించాలో కూడా రాయమని మీరే మర్యాదగా చెప్పాలి.

ప్రశ్న: ఇంటర్వ్యూ రేపు ఉదయమే ఉంది, ప్రోగ్రామ్ నడవడం లేదని అడిగితే, గ్రూపులో అందరూ ఎదురు ప్రశ్నలే వేశారు. ఇది న్యాయమా?
- ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: న్యాయం కాదు. గడువు ముంచుకొచ్చినప్పుడు సూటి జవాబు ఇచ్చి, కారణం తరువాత మాట్లాడుకోవచ్చు. అయితే రేపు ఇంటర్వ్యూ ఉందని మీరు గ్రూపులో చెప్పారా? గడువు, ఇప్పటివరకు చేసిన ప్రయత్నం, కావలసింది హింటా జవాబా అన్నది ప్రశ్నలోనే రాస్తే, ఆ ఎదురు ప్రశ్నలలో సగం వచ్చేవి కావు. ఎర్రర్ సందేశాన్ని కూడా మొత్తంగా పంపండి. పైథాన్‌లో తప్పు ఏ రకమైనదో చివరి వరుసలో ఉంటుంది. ఫోనుతో స్క్రీన్‌ను ఫొటో తీసి పంపేవారు సాధారణంగా కత్తిరించేది ఆ వరుసనే.