మందు కొట్టిన పది రోజులకే మళ్ళీ నల్లులా?

ప్రశ్న: మేడ మీద పోర్షన్‌లోకి పాత దివాన్ కాట్ ఒకటి కొన్నాం. నెల తిరక్కుండా నల్లులు పట్టాయి. స్ప్రే రెండుసార్లు కొట్టాం. వారం పది రోజులు హాయిగా ఉంటుంది, మళ్ళీ మొదలు. కిరసనాయిలు పూయమని ఒకరు, పరుపు పారేయమని ఒకరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీరు చెప్పిన ఆ ‘వారం పది రోజులు’ దగ్గరే అసలు సంగతి ఉందండీ. మందుకు పెద్ద నల్లులు కొన్ని చస్తాయి, గుడ్లు చావవు. బొంబాయి రవ్వ గింజంత, సుమారు 1 మిల్లీమీటరు ఉండే తెల్లటి గుడ్డును నల్లి చెక్కకు జిగురుతో అంటించేస్తుంది. చీపురుతో దులిపినా రాలదు. మన వేడికి 6 నుంచి 10 రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. పైగా చాలాచోట్ల నల్లులు మామూలు స్ప్రేల్లోని పైరిత్రాయిడ్ మందులకు అలవాటుపడిపోయాయి. కాబట్టి డబ్బా మార్చినంత మాత్రాన ఫలితం మారదు.

ముందు మంచం విప్పండి. స్క్రూడ్రైవరు, టార్చిలైటు, పనికిరాని ఏటీఎం కార్డు దగ్గర పెట్టుకోండి. కార్డు అంచు దూరేంత సందు ఉంటే చాలు, నల్లి దూరుతుంది. ప్లైవుడ్ పలక ఎత్తి దాని అడుగు అంచులు, కోళ్ళ అతుకులు, స్క్రూ రంధ్రాలు, పరుపు అంచున తాడులా వచ్చే కుట్టు మడత చూడండి. బాల్‌పెన్ను గుచ్చినట్టు నల్లటి చుక్కలు గుంపుగా కనిపిస్తే అదే కాపురం. తడిగుడ్డతో రుద్దితే ఆ చుక్క గోధుమరంగులో అలుక్కుంటుంది. కార్డుతో గీకి, రాలినవన్నీ సబ్బునీళ్ళ పళ్ళెంలో పడేలా చూసుకోండి.

తర్వాత వేడి. నులక మంచమైతే బయట వేసి సలసల కాగే నీళ్ళు పోస్తే సరిపోయేది. ప్లైవుడ్ ఉబ్బిపోతుంది కాబట్టి మీకు బట్టల స్టీమరు మేలు. సందు వెంట నింపాదిగా, సెకనుకు ఒక అంగుళం మించకుండా జరపాలి. ఆవిరి పట్టిన చోట వెంటనే వేలు పెడితే చురుక్కుమనాలి, లేకపోతే లోపలి గుడ్డుకు వేడి చేరలేదన్నమాట. స్విచ్ బోర్డు దగ్గర ఆవిరి, నీళ్ళు వద్దు.

దుప్పట్లు, దిండు గలీబులు ఆ గదిలోనే కవర్లో మూటకట్టి బయటికి తేవాలి. చేతిలో పట్టుకుని ఇల్లంతా తిప్పితే దారిపొడవునా రాలతాయి. వాషింగ్ మెషిన్లో 60 డిగ్రీల మీద ఉతకండి. ఎండలో వేశాం, పోలేదు అంటుంటారు చాలామంది. డాబా మీద పరిస్తే నల్లి నీడవైపుకు పాకి తప్పించుకుంటుంది. పల్చటి దుప్పట్లను నల్ల ప్లాస్టిక్ కవర్లలో వదులుగా పెట్టి, మూతి బిగించి, మే నెల ఎండలో తిప్పుతూ ఉంచాలి. లోపలంతా 50 డిగ్రీలు దాటి గంటన్నర నిలిస్తే గుడ్లతో సహా చస్తాయి. దళసరి పరుపు మధ్యదాకా వేడి ఎక్కదు, దానికి ఈ పద్ధతి పనికిరాదు. అలాగని పారేయకండి. కుట్లకు ఆవిరి పట్టి, జిప్పున్న కవరు తొడిగి, ఏడాదిపాటు తియ్యకుండా ఉంచండి. లోపల మిగిలినవి తిండిలేక చస్తాయి.

మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. దుప్పటి నేలకు తగలకూడదు. దోమతెర తాడు గోడ మేకుకు కట్టి ఉంటే అదే వాటికి వంతెన. ఒక్కో కోడు కింద వెడల్పాటి గిన్నె పెట్టండి. మన వేడి ప్రాంతాల్లో తిరిగే నల్లి రకం నున్నటి ప్లాస్టిక్ కూడా ఎక్కగలదు, అందుకని ఖాళీ గిన్నె చాలదు. రెండు వేళ్ళ లోతు నీళ్ళు, అర చెంచా సబ్బుపొడి వెయ్యాలి. కోడు నానకుండా మధ్యలో స్టీలు డబ్బా బోర్లించి దానిమీద నిలపండి. నీళ్ళు మూడు రోజులకోసారి మార్చండి. పొద్దున్నే గిన్నెలో తేలినవాటిని లెక్కపెడితే తగ్గుతున్నాయో లేదో మీకే తెలుస్తుంది.

మందు కొట్టించాలనుకుంటే లైసెన్సున్న వాళ్ళనే పిలిచి, 10 నుంచి 14 రోజుల తేడాతో కనీసం రెండుసార్లు, కుదిరితే మూడుసార్లు వస్తామంటేనే ఒప్పుకోండి. ఒక్కసారితో అయిపోతుందనే మాట నమ్మొద్దు. గోడ పగుళ్ళకు లప్పం మందు కొట్టాకే పెట్టించండి. ఈలోగా వేరే గదిలో పడుకోకండి, మీ వెనకే అక్కడికీ వస్తాయి.

కిరసనాయిలు తగిలినవాటినే చంపుతుంది, ఇల్లు అంటుకునే ప్రమాదం మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు నల్లులకని ఎవరిచ్చినా ఇంట్లోకి రానివ్వకండి. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు తలుపు సందుల్లోంచి పక్క వాటాలోకీ పోతుంది. నల్లుల కోసం ఇవి పెట్టి నిద్రలో పిల్లలతో సహా చనిపోయిన కుటుంబాలున్నాయి.

ప్రశ్న: మా అమ్మాయి హాస్టల్లో నల్లులున్నాయట. దసరా సెలవులకు వస్తోంది. ఇంటికి అంటకుండా ఏం చెయ్యాలి?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బ్యాగు పడగ్గదిలోకి వెళ్ళకూడదు, అంతే ముఖ్యం. వరండాలోనో డాబా మీదో విప్పించండి. బట్టలన్నీ, కట్టుకొచ్చినవి కూడా, నేరుగా వేడినీళ్ళలోకి వెయ్యండి. ఖాళీ బ్యాగు జిప్పు అంచులు, అడుగు అట్ట, చక్రాల గూళ్ళు టార్చితో చూసి ఆవిరి పట్టండి. పుస్తకాలు తడపలేరు కాబట్టి కవర్లో బిగించి ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర 4 రోజులు ఉంచండి. తిరిగి వెళ్ళేటప్పుడు బ్యాగును పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోమని, మంచం కింద కాకుండా ఎత్తున ఉంచుకోమని చెప్పండి. పిల్లను మాత్రం దూరం పెట్టినట్టు మాట్లాడకండి. నల్లులు శుభ్రతను చూసి రావు, మనిషి నెత్తురు ఉన్నచోటికి వస్తాయి.

ప్రశ్న: మా ఇద్దరిలో నాకే దద్దుర్లు, ఆయనకు ఏమీ లేదు. నల్లులేనా? జబ్బులొస్తాయా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఆయన్నీ కుడుతూ ఉండొచ్చు. కొందరి ఒంటిమీద ఆనవాలే రాదు. దద్దురు చూసి నల్లి అని తేల్చలేం, పరుపు కుట్లలో చుక్కలు చూసుకోండి. నల్లుల వల్ల మనుషులకు రోగాలు అంటుతాయని ఇంతవరకు రుజువు కాలేదు. అయితే గోకితే పుండు పడి చీము పట్టొచ్చు. సబ్బుతో కడిగి కేలమైన్ లోషన్ రాయండి, వాపు పెరిగినా జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.