క్రీములో ఎమల్సిఫయర్ ఉంటే పాప చర్మానికి ముప్పా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మిర్యాలగూడ. మా పాపకు నాలుగేళ్లు. మోకాళ్ల వెనక, మోచేతుల మడతల్లో చర్మం పొడిబారి ఒకటే దురద. ఎగ్జిమా అని చెప్పి డాక్టర్ ఒక మాయిశ్చరైజర్ రాశారు. మొన్న మా వదిన ఆ సీసా మీది పేర్లు చదివి, ‘ఇందులో ఆల్కహాల్ ఉంది, పెగ్ ఉంది, ఇవన్నీ ఎమల్సిఫయర్లు, చర్మం పైపొరను కరిగిస్తాయి, క్యాన్సర్ కూడా వస్తుందట’ అని ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఆ క్రీము ఆపేసి, కలబంద గుజ్జు, కొబ్బరి నూనె మిక్సీలో కొట్టి డబ్బాలో పెట్టుకుని రాస్తున్నాను. మంచిదేనా? సీసా మీది లేబుల్ ఫొటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, డాక్టర్ రాసిన మాయిశ్చరైజర్ మళ్లీ మొదలుపెట్టండి. ఆపాల్సింది మీరు మిక్సీలో కొట్టినదాన్ని.

ఆ డబ్బాను కాసేపు కదపకుండా ఉంచి చూడండి. గుజ్జు ఒకవైపు, నూనె ఒకవైపు విడిపోతాయి. పొడి చర్మానికి తేమా కావాలి, ఆ తేమ ఎగిరిపోకుండా పైన జిడ్డూ కావాలి. ఈ రెండూ ఒకే సీసాలో కలిసి ఉండాలంటే మధ్యలో ఎమల్సిఫయర్ ఉండి తీరాలి. దాని అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెను పట్టుకుంటుంది. నూనె బొట్ల చుట్టూ చేరి అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. పాలలో కొవ్వు విడిపోకుండా ఉండేది కూడా ఇలాగే, బొట్ల చుట్టూ ఉన్న సన్నని పొర వల్ల. కవ్వం పెట్టి చిలికితే ఆ పొర చెదిరి వెన్న తేలుతుంది.

ఇక మీరు పంపిన లేబుల్. మీ వదినను భయపెట్టిన ఆల్కహాల్ పూర్తి పేరు సెటియారిల్ ఆల్కహాల్. ఇది మద్యంలోనో శానిటైజర్‌లోనో ఉండే ఆల్కహాల్ కాదు. తెల్లగా, మైనంలా ఉండే గట్టి పదార్థం. ఎక్కువగా పామాయిల్ నుంచో కొబ్బరి నూనె నుంచో తీస్తారు. చర్మాన్ని ఎండబెట్టదు, పైగా మెత్తబరుస్తుంది. అలెర్జీ చాలా అరుదుగా, ఎవరో ఒకరికి వస్తుంది. దాని పక్కనున్న గ్లిజరిల్ స్టియరేట్ గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం కలిస్తే తయారయ్యేది. ఇదే కుటుంబానికి చెందినవి మనం తినే బ్రెడ్డులో, ఐస్‌క్రీములో కూడా ఉంటాయి.

మూడోది పెగ్-100 స్టియరేట్. పెగ్ అంటే పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే రసాయనానికి పొట్టి పేరు. క్యాన్సర్ మాట దీని వెంటే వచ్చి ఉంటుంది. పెగ్ రకాలను తయారుచేసేటప్పుడు 1,4-డయాక్సేన్ అనే పదార్థం కొద్దిగా మిగలవచ్చు. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు’ అనే వర్గంలో పెట్టిన మాట నిజమే. అయితే అది కావాలని కలిపేది కాదు, తయారీలో మిగిలే మలినం. కంపెనీలు ముడిసరుకు దశలోనే దాన్ని తీసేయగలవు. సౌందర్య సాధనాల్లో 10 పీపీఎం దాకా ఉన్నా వినియోగదారులకు సురక్షితమేనని యూరోపియన్ కమిషన్ శాస్త్రీయ కమిటీ 2015లో చెప్పింది. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. పెగ్-100 స్టియరేట్ అణువు సంగతికి వస్తే, అది చాలా పెద్దది. బాగున్న చర్మం గుండా 500 డాల్టన్ల (అణువు బరువును కొలిచే ప్రమాణం) కంటే పెద్ద అణువులు లోపలికి పోవడం కష్టం. ఇది వేలల్లో ఉంటుంది.

పేగులను ఎమల్సిఫయర్లు పాడుచేస్తాయన్న వార్తలు కూడా మీ దాకా వచ్చి ఉండొచ్చు. ఆహారంలో కలిపే రెండు రకాలను ఎలుకలకు పెట్టి చేసిన పరిశోధన 2015లో వచ్చింది. అది తిన్నదాని గురించి. వీడియోలు చేసేవాళ్లు దాన్ని తెచ్చి ముఖానికి రాసే క్రీముకు అతికిస్తే మనమేం చేస్తాం!

అయితే వీడియోలో చెప్పినదంతా తప్పని కొట్టిపారేయలేను. ఎమల్సిఫయర్లలో కొన్ని సబ్బుకు దగ్గర చుట్టాలు. ముఖ్యంగా సోడియం లారిల్ సల్ఫేట్. కడిగేసే షాంపూలో ఉంటే ఒక తీరు, రాసి గంటల తరబడి వదిలేసే క్రీములో ఉంటే ఇంకో తీరు. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ఎగ్జిమా పిల్లలకు ‘ఆక్వియస్ క్రీమ్’ రాసేవారు. అందులో ఈ సల్ఫేట్ సుమారు ఒక శాతం ఉంటుంది. పిల్లలకు మంట, ఎర్రదనం వస్తున్నాయని గమనించి, అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరిక జారీ చేసింది. అందుకే పాపకు ఏ క్రీము కొన్నా లేబుల్ మీద ఆ పేరు ఉందేమో వెతకండి. మీరు పంపిన ఫొటోలో అది లేదు. లేబుల్ చివర్లో ‘పర్‌ఫ్యూమ్’ అని మాత్రం ఉంది. నన్నడిగితే ఎమల్సిఫయర్ల కంటే దాన్నే ఎక్కువ అనుమానిస్తాను. ఈ సీసా అయిపోయాక సువాసన లేనిది రాయమని మీ డాక్టర్‌ను అడగండి. ఈలోగా రాసిన ప్రతిసారీ పాప మండుతుందని ఏడిస్తే సీసా అయ్యేదాకా ఆగకండి.

మీ మిశ్రమం ఎందుకు వద్దంటున్నానంటే, కలబంద గుజ్జులో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లున్న చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. కంపెనీ క్రీములో అవి పెరగకుండా ప్రిజర్వేటివ్ ఉంటుంది, మీ డబ్బాలో ఉండదు. వేళ్లు పెట్టి తీసిన ప్రతిసారీ కొన్ని క్రిములు లోపలికి చేరతాయి. ఎగ్జిమా చర్మం మీద స్టాఫ్ బ్యాక్టీరియా మామూలుగానే ఎక్కువ. గోకిన గీతల్లోకి అలాంటి గుజ్జు వెళ్తే చీము పట్టడానికి ఎంతోసేపు పట్టదు. కలబంద మట్ట కోస్తే కారే పసుపు రసం కూడా కొందరికి మంట పుట్టిస్తుంది. కొబ్బరి నూనె ఒక్కటే రాస్తే అంత ఇబ్బంది లేదు. పల్లీలు పండే పాలమూరు వైపు మీ చుట్టాలెవరైనా ఉండి గానుగ పల్లి నూనె పంపితే మాత్రం వంటకే వాడండి. పగిలిన చర్మం మీద రాస్తే పల్లీ అలెర్జీకి దారి తీయొచ్చు.

ఇంత చెప్పినా ఎమల్సిఫయర్ భయం పోకపోతే, పెట్రోలియం జెల్లీ ఉంది. అందులో నీళ్లే లేవు కాబట్టి ఎమల్సిఫయర్ అవసరం లేదు, ప్రిజర్వేటివ్ అవసరం కూడా లేదు. స్నానం చేయించి, తువ్వాలుతో అద్ది, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. చలికాలం రాత్రిళ్లు చక్కగా పనిచేస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో జిడ్డుకు చెమటకాయలు లేస్తాయి. అప్పుడు మళ్లీ లోషనే హాయి.

ఎండల మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. క్రీము ట్యూబును స్కూటీ డిక్కీలోనో కిటికీ గూట్లోనో వదిలేయకండి. వేడికి నూనె, నీరు విడిపోతాయి. మూత తీసి నొక్కగానే ముందు నీళ్లలాంటిది కారి, తర్వాత గడ్డలు గడ్డలుగా వస్తే దాన్ని పారేయండి. ప్రిజర్వేటివ్ కూడా అంతటా సమంగా ఉండదు.

కొత్త క్రీము ఏది తెచ్చినా ముందు పాప ముంజేతి లోపలివైపు, చర్మం బాగున్న చోట, రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున ఒక వారం రాసి చూడండి. దద్దుర్లు, దురద రాకపోతే మిగతా చోట్ల వాడొచ్చు. అసలు ఏది పడటం లేదో తేల్చాలంటే వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజుల తర్వాత తీసి చూసే ప్యాచ్ టెస్ట్ చేస్తారు. మీ పాపకు ఇప్పుడే అది అవసరం లేదు.

మీది బోరు నీళ్ల ఇల్లయితే సబ్బు మీద కూడా ఒక కన్నేయండి. కఠిన జలంలో సబ్బు నురగ రాదు, రావాలని ఇంకాస్త రుద్దుతాం, తెట్టులా ఒంటికి అంటుకుంటుంది. సబ్బు లేని సిండెట్ బార్ వాడితే ఆ బాధ తగ్గుతుంది. మన నల్లగొండ జిల్లాలో ఏ జబ్బు వచ్చినా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే అనడం అలవాటైంది. ఫ్లోరైడ్ దెబ్బ పళ్ల మీద, ఎముకల మీద. పాప దురదను దాని ఖాతాలో వేయొద్దు.

చివరగా, దురద తగ్గడం లేదని మెడికల్ షాపులో ‘తామర ట్యూబు’ అడిగి తెచ్చి రాయకండి. చాలా ట్యూబుల్లో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులు అద్భుతంగా తగ్గినట్టుంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. చాలా స్టెరాయిడ్ క్రీములు 2018 నుంచి షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఎగ్జిమాకు స్టెరాయిడ్ కావాల్సి వస్తే ఏది, ఎంత, ఎన్ని రోజులు అనేది పాపను చూసిన డాక్టరే చెప్పాలి. మడతల్లో రసి కారుతున్నా, తేనె రంగు పెచ్చులు కడుతున్నా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా దగ్గర్లోని చర్మ వైద్యులకో, నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలోనో చూపించండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన క్రీములు, నూనెలు, ట్యూబులు అన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి.