రాస్తే మంట, మానేస్తే మొటిమలు

చెల్లె, మొటిమలకని బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాస్తే మూడో రోజుకే మొహం ఎర్రబడి పొట్టు రాలిందని, అడాపలిన్ అనే ఇంకో మొటిమల జెల్ కూడా పడలేదని, ఇంకేం వాడాలని అడిగావు. హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు నాదీ ఇదే బాధ.

ముందు ఒకటి తేల్చుకో. మందు రాసిన చోటే మంట, పొడిబారడం, పొట్టు రాలడం ఉంటే అది చాలావరకు మందు ఘాటు. కళ్లు, పెదవులు వాచినా, దద్దుర్లు లేచినా, ఆగకుండా దురద పెట్టినా ఎలర్జీ కావచ్చు. అప్పుడు ఆ మందు మళ్లీ ముట్టుకోకుండా డాక్టర్‌కు చూపించు. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే మాత్రం క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

నాది ఘాటే. తొందరగా తగ్గాలని 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ పొద్దున, రాత్రి మొహమంతా మందంగా పూసేదాన్ని. ఆ చర్మంతోనే ఒకరోజు బాపుతో మిర్చి బస్తాల వెంట ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లాను. ఆ ఘాటు గాలికి మొహం నిప్పుల్లో పెట్టినట్టయింది. ఇంటికి వస్తూ మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. రెండు రాత్రుల్లో మంట పోయింది, మొహం తేటగా అయింది. మూడు నెలలు అదే రాశాను. మానేసిన వారానికి మొటిమలు ముందుకన్నా ఎక్కువ లేచాయి, ఎండలోకి వెళ్తే చెంపలు కాలేవి. అందులో స్టెరాయిడ్ ఉందని చర్మ డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. నీకు అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నా. వెంటనే తెల్లగా చేసే క్రీమ్ ఎవరిచ్చినా తీసుకోకు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, ఎలా తగ్గించాలో డాక్టర్ చెబుతారు.

ఆ డాక్టర్ కొన్ని వారాలు మొటిమల మందులేవీ రాయనివ్వలేదు. రెండు పూటలా ఘాటులేని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, అంతే. మంట పూర్తిగా తగ్గాక 10 శాతం అజెలాయిక్ యాసిడ్ రోజు విడిచి రోజు మొదలుపెట్టించారు. మొదట్లో కొంచెం చిమచిమలాడింది, తర్వాత అలవాటైంది. మొటిమలతో పాటు అవి పోయాక మిగిలే నల్ల మచ్చలకు కూడా అది పనిచేస్తుంది.

తర్వాత మళ్లీ అడాపలిన్ దగ్గరికే వచ్చాను. ఈసారి వాడే పద్ధతి వేరు. మొహం కడిగి, బాగా ఆరాక మాయిశ్చరైజర్ రాసి, శనగగింజంత జెల్ మొహమంతటికీ సర్ది, పది నిమిషాలకు కడిగేసేదాన్ని. వారానికి రెండు రాత్రులే. మంట లేదనుకున్నాకే నెమ్మదిగా సమయం పెంచాను. ముక్కు పక్కలు, పెదవుల మూలలు, కళ్ల చుట్టూ అసలు రాయొద్దు. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, పది రోజులకే టెన్షన్ పడకు. గర్భిణులకు అడాపలిన్ వద్దంటారు, ఇంట్లో అక్కో వదినో నీ ట్యూబ్ అడిగితే ఈ మాట చెప్పు.

బెంజాయిల్ పెరాక్సైడే కావాలంటే 2.5 శాతం చాలు. 10 శాతానికి దాదాపు సమానంగానే పనిచేస్తుంది, మంట తక్కువ. తువ్వాలు, దిండు గలీబు రంగు పోతాయి, తెల్లవి వాడు. ఏ మందైనా ముందు దవడ కింద చిన్న చోట రెండు మూడు రాత్రులు రాసి చూడు.

నిమ్మరసం, టూత్‌పేస్ట్ దగ్గరికి పోకు. స్కూటీ మీద కట్టుకునే స్కార్ఫ్ రోజూ ఉతుకు. మన ఎండలకు చెమట పట్టిన గుడ్డ చెంపలను రాస్తుంటే మొటిమలు ఎక్కువవుతాయి.

గడ్డల్లా లోపల నొప్పి పెడుతుంటే, గుంటలు పడుతుంటే ఇవన్నీ వదిలేసి డాక్టర్ దగ్గరికి వెళ్లు. ప్రైవేటు ఖర్చు భారమైతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంది. ఇంతకీ నువ్వు రాసింది ఎంత శాతం జెల్? ట్యూబ్ మీద చూసి చెప్పు, రోజుకు ఎన్నిసార్లు రాశావో కూడా.